వంతల వారి ఫోటోల పెట్టె

వంతల స్వర్ణ అరకులో ఒక టూరిస్టు గెస్ట్‌హౌస్ లాండ్రీలో ఇరవై రెండేళ్లు పనిచేసింది. దుప్పట్లు, గలేబులు, తువ్వాళ్లు ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి గదుల వారీగా సర్దడం ఆమె ఉద్యోగం. జూన్‌లో దిగిన మబ్బు అక్టోబరు దాకా లేవని ఊళ్లో రోజుకు ఎనభై దుప్పట్లు ఆరబెట్టడమంటే తమాషా కాదు. స్వర్ణ గుమ్మంలో నిలబడి, గాలి వాసన చూసి, ఇంకో గంటలో వానొస్తుందంటే మేనేజరు మారుమాట లేకుండా గొడుగు తీసుకునేవాడు. ఆమె పెళ్లి చేసుకోలేదు. సంబంధాలు రాక కాదు, వచ్చినప్పుడల్లా టూరిస్టు సీజను నడుస్తూ ఉండేది.

తల్లి యర్రమ్మ ఆమె దగ్గరే ఉండేది. అన్న సోంబరు ముంచింగిపుట్టు దగ్గర కొండవాలులో చోడి, సామ పండించేవాడు. తమ్ముడు సురేంద్ర చింతపల్లి పిల్లను చేసుకుని అక్కడే కాఫీ, మిరియాల తోట చూసుకునేవాడు. అన్నదమ్ములిద్దరికీ పదమూడేళ్లుగా మాటల్లేవు. ఎందుకు లేవో ఇద్దరికీ సరిగ్గా గుర్తు లేదు. లేవన్న సంగతి మాత్రం ఇద్దరూ జాగ్రత్తగా గుర్తు పెట్టుకున్నారు.

1994లో ఎవరో కొత్త దంపతులు గదిలో కెమెరా మరిచిపోయి వెళ్లిపోయారు. మేనేజరు దాన్ని రెండేళ్లు బీరువాలో ఉంచి, ఎవరూ అడగకపోయేసరికి స్వర్ణకి ఇచ్చేశాడు. లోపల రీలు సగం మిగిలి ఉంది. ఆ సగంతో స్వర్ణ తల్లినీ, అన్న పెళ్లినీ, మేకల్నీ తీసి స్టూడియోలో కడిగిస్తే, ముందు సగంలో ఆ దంపతులు వచ్చారు. బొర్రా గుహల ముందు నల్లకళ్లద్దాలతో ఒక మనిషి, పక్కన సిగ్గుపడుతూ ఆకుపచ్చ చీరలో ఒకావిడ. పారేయబుద్ధి కాక స్వర్ణ వాటిని కూడా ఆల్బంలో పెట్టింది. నాలుగేళ్లు తిరిగేసరికి ఆ నల్లకళ్లద్దాల మనిషి యర్రమ్మ లెక్కలో అల్లుడి వరస అయిపోయాడు. ఇంటికెవరొచ్చినా అల్లుడు పాపం దూరాభారం వల్ల రాలేకపోతున్నాడని చెప్పేది.

ఫోటో తీసేటప్పుడు వెనక శుభ్రంగా ఉండాలని స్వర్ణ పట్టుదల. ఉతికిన దుప్పటి ఒకటి దండెం మీద పరిచి, దాని ముందు నిలబెట్టేది. గెస్ట్‌హౌస్ దుప్పట్ల మూల గది నంబరు అచ్చు ఉంటుంది. అలా వంతల వారి ఇంటిల్లిపాదికీ తల పక్కన ఒక్కో నంబరు పడింది. పదేళ్లలో వెయ్యికి పైగా ఫోటోలయ్యాయి. అన్నీ రేకు పెట్టెలో ఉండేవి.

2006 వానలకు ఆ పెట్టెలోకి చెమ్మ పట్టింది. తీసి చూస్తే ఫోటోలన్నీ ఒకదానికొకటి అంటుకుపోయి ఇటుకల్లా ఉన్నాయి. స్వర్ణకి వచ్చిన విద్య ఇస్త్రీ. దుప్పటికి కారిన కొవ్వొత్తి మైనాన్ని కాగితం వేసి, పైన వేడి పెట్టి లాగినట్టే ఫోటోల్నీ లాగింది. చాలావరకు ఊడి వచ్చాయి, కానీ ఎక్కడివక్కడ రాలేదు. సోంబరు పెళ్లి ఫోటో మీద 1999లో కొన్న గేదె ఫోటో పడి ఉంది. రెండూ విడదీసేసరికి సోంబరు తల గేదె మెడ మీదికీ, గేదె తల పూలదండల మధ్యకీ మారింది. మిగతావన్నీ సరిగ్గా ఉన్నాయి. సోంబరు దాన్ని చూసి, చెప్పులేసుకుని వెళ్లిపోయి, నాలుగు నెలలు రాలేదు.

అదృష్టం కొద్దీ నెగెటివ్‌లు ఇస్త్రీ గది బీరువాలో ఉండి పొడిగా బతికాయి. స్టూడియో అతను వాటిని సీడీల్లోకి ఎక్కించాడు. స్వర్ణ మూడు కట్టలు చేయించి అన్నకొకటి, తమ్ముడికొకటి పంపి, ఒకటి తను ఉంచుకుంది. మరుసటి ఏడు అన్న ఊరు వెళితే సామ చేనంతా తళతళలాడుతోంది. పన్నెండు సీడీలూ కర్రలకు వేలాడుతున్నాయి. ఇదేమిటన్నయ్యా అంటే సోంబరు తృప్తిగా చెప్పాడు.

"మనోలందరూ కాపలా కాత్తన్నారే. ఒక పిట్ట దిగితే ఒట్టు. మన సుట్టాలు నాకు పనికొచ్చింది ఇదే మొదలు."

చింతపల్లిలో సురేంద్ర ఇంట్లో బల్ల మీద ప్రతి కాఫీ గ్లాసు కిందా ఒక సీడీ ఉంది. స్వర్ణ తనవాటిని గలేబులో చుట్టి దాచుకుంది గానీ, రెండు వానాకాలాలకు వాటి మీద కూడా బూజు చెట్టు కొమ్మల్లా పాకింది. స్టూడియో అతను వాటిని గుడ్డతో తుడిచి మరో కొత్త కట్ట చేసిచ్చి, అరకులో మనిషి తప్ప ఏదీ ఎక్కువకాలం నిలవదని చెప్పాడు.

గెస్ట్‌హౌస్ ముందు గదిలో గుమస్తాగా జాయ్స్ అనే ఆవిడ ఉండేది. చింతపల్లి మిషన్ స్కూల్లో చదువుకుని, బైబిలు ఎంత శ్రద్ధగా చదువుతుందో కంప్యూటరు పుస్తకాలూ అంతే శ్రద్ధగా చదివే మనిషి. స్వర్ణ గోడు విని, ఇప్పుడు ఇళ్లలో పెట్టుకునే పెట్టెలొచ్చాయని చెప్పింది. పెట్టెలో హార్డ్ డిస్కులుంటాయి, ఫోటోలన్నీ వాటిలో ఉంటాయి, ఇంట్లోని కంప్యూటర్లన్నిటికీ తీగ ద్వారా ఆ పెట్టే చూపిస్తుంది, దాన్నే ఇంటి నెట్‌వర్క్ అంటారంది. ఇంట్లో ఎన్ని కంప్యూటర్లుండాలని స్వర్ణ అడిగింది. ఒక్కటైనా ఉండాలని జాయ్స్ చెప్పింది. అది తర్వాత చూద్దాం, ముందు పెట్టె సంగతి చెప్పమంది స్వర్ణ.

ఆ చలికాలమంతా పెట్టెను ఎంచడంతోనే గడిచింది. జాయ్స్ మూడు రకాల పెట్టెల వివరాలు పాత రిజిస్టరు కాగితాల వెనక అచ్చు వేసి ఇచ్చింది. స్వర్ణ వాటిని ముంచింగిపుట్టుకీ, చింతపల్లికీ పంపి అభిప్రాయం అడిగింది. తాళం ఉన్నది కొనమని సోంబరు కబురు పెట్టాడు. నల్లది మాసినా తెలియదు, అది కొనమని సురేంద్ర చెప్పాడు. చూడకుండా ఏదీ ఇంటికి తేవడానికి వీల్లేదని యర్రమ్మ తేల్చేసింది.

2009 ఫిబ్రవరిలో తల్లీ కూతురూ జాయ్స్‌ని వెంటబెట్టుకుని రైల్లో విశాఖపట్నం వెళ్లారు. కొట్టు యజమాని వరప్రసాదం ఓర్పు గల మనిషి. మూడు పెట్టెలూ బల్ల మీద వరసగా పెట్టాడు. యర్రమ్మ కుర్చీలో కూర్చుని పెళ్లిచూపులకు వచ్చినట్టు ఒక్కొక్కదాన్నే పరీక్షగా చూసింది.

"సలికి తట్టుకుంతాదా బావూ?"

"సున్నా డిగ్రీల దాకా ఢోకా లేదు మామ్మగారూ."

"మా సిన్నోడి ఊర్లో సున్నా కిందికీ దిగుతాది. అప్పుడు గొంగడి కప్పుతాను."

గొంగడి కప్పకూడదని, వేడెక్కి పాడవుతుందని వరప్రసాదం వినయంగా చెప్పాడు. చలికీ ఆగక గొంగడికీ ఆగకపోతే పట్నం అల్లుడితో పడ్డట్టే ఉంది కదా అని యర్రమ్మ నిట్టూర్చింది.

ఒక డిస్కు పెట్టె చవక గానీ డిస్కు పోతే అన్నీ పోతాయి. రెండు డిస్కుల పెట్టెలో రెండిట్లోనూ అవే బొమ్మలుంటాయి. ఒకటి చెడితే రెండోది కాపాడుతుంది. ఇదంతా వరప్రసాదం చేతులు రెండూ పక్కపక్కన పెట్టి చూపించాడు.

"అయితే కవలలన్నమాట," అంది యర్రమ్మ.

నాలుగు డిస్కులది ఇంకా మంచిదని అతను మొదలుపెట్టబోతే ఆమె చెయ్యెత్తి ఆపింది. "నలుగురొద్దు బావూ. నాకు ఇద్దరు మగ పిల్లలు. ఆల్లిద్దరితోటే ఏగలేకపోతన్నాను."

అలా రెండు డిస్కుల పెట్టె ఖాయమైంది. స్వర్ణ తెచ్చిన కొత్త సీడీల నుంచి ఫోటోలన్నీ వరప్రసాదమే ఎక్కించాడు. నల్లకళ్లద్దాల మనిషి ఎవరని అడిగి, అల్లుడి వరస అని విని, ఆయన్ని 'అల్లుళ్లు' అనే అరలో పెట్టాడు. ఆ అరలో ఆయన ఒక్కడే.

తిరుగు రైల్లో బొర్రా దాటేలోపు ఎన్నో సొరంగాలొస్తాయి. సొరంగం వచ్చినప్పుడల్లా యర్రమ్మ ఒళ్లో ఉన్న పెట్టె మీద చెయ్యేసి, వెలుతురు రాగానే తీసేది.

ఇంట్లో దాన్ని బల్ల మీద పెట్టి కరెంటు ఇచ్చారు. రెండు నీలం దీపాలు వెలిగాయి, సన్నగా గాలి తిరిగిన చప్పుడు వచ్చింది. అంతే. కంప్యూటరు లేదు కాబట్టి ఇంకేమీ కనిపించదు. ఊరు ఊరంతా చూడ్డానికి వచ్చింది. స్వర్ణ అందరికీ నెమ్మదిగా చెప్పేది, అందరూ లోపలున్నారని. వచ్చినవాళ్లు దీపాల వంక మర్యాదగా కాసేపు చూసేవారు. ఒకటి రెండు ఫోటోల్లో పడ్డ పక్కింటి చిన్నమ్మి తను ఏ వైపున్నానని అడిగింది. ఆలోచించి ఎడం దీపం వెనక అని చెప్పింది స్వర్ణ. అక్కడే ఉన్న జాయ్స్, కాదు, రెండు వైపులా ఉన్నావని దిద్దింది. రెండు వైపులా ఉండే భాగ్యం పట్టినందుకు చిన్నమ్మి ఇంటికి వెళ్లి గుమ్మడికాయ పట్టుకొచ్చి ఇచ్చింది.

ఈ సంగతి అన్నదమ్ముల చెవిన పడింది. పెట్టె ఎవరింట్లో ఉండాలన్న ప్రశ్న పుట్టింది. తను పెద్దవాడు కాబట్టి తన ఇంట్లోనే ఉండాలన్నాడు సోంబరు. వాళ్ల గూడెంలో కరెంటు లేదు కదా అంటే, అందుకే ఎవరూ దాన్ని ముట్టుకోరు, భద్రంగా ఉంటుందన్నాడు. మిరియాలు దాచే తన కొట్టంత పొడి చోటు ఏజెన్సీలోనే లేదని సురేంద్ర వాదన. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడరు కాబట్టి ఈ వాదనంతా స్వర్ణతోనే చేశారు. ఒకడు చెప్పింది విని రెండోవాడికి జవాబుగా తిప్పి చెప్పడంలో ఆమె గొంతు పోయింది.

చివరికి భీముడిని పిలిచారు. ఆయన ఆ చుట్టుపక్కల తగవులు తీర్చే పెద్దమనిషి. శుక్రవారం సంతకు వచ్చి, స్వర్ణ అరుగు మీద కూర్చుని, ఇద్దరి వాదనా విని, పెట్టెలో ఏముందో చూపించమన్నాడు. చూపించడానికి లేదని స్వర్ణ చెప్పింది. చూడని వస్తువు మీద తీర్పు చెప్పడం తనకు కొత్త కాదని ఆయన ఒప్పుకుని, జాయ్స్‌ని పిలిచి డిస్కుల వైనం విన్నాడు. రెండిట్లోనూ అవే బొమ్మలా అని మూడుసార్లు అడిగాడు.

"అయితే తగువేటి? అన్నకొకటి, తమ్ముడికొకటి."

"మరి నాకు?" అంది స్వర్ణ.

"నీకు పెట్టె."

రెండు డిస్కులూ బయటకు తీసి తూచారు. సంతలో మిరియాలు తూచే తక్కెడలో ముల్లు అటూ ఇటూ కదలకుండా నిలిచింది. సోంబరుకి అనుమానం తీరలేదు, పళ్లేలు మార్చి మళ్లీ తూయించాడు. సురేంద్ర తన డిస్కు తువ్వాలులో చుట్టుకుని జీపెక్కాడు. సోంబరు ఆ వేళ సంతలో రెండు మేకలు కొన్నాడు. మేకలున్న జీపులో చుట్టాలందరినీ పెట్టుకుని వెళ్లలేనని, వచ్చే శుక్రవారం తీసుకుంటానని తన డిస్కును పెట్టెలోనే ఉంచేశాడు.

జీపు మలుపు తిరిగాక పెట్టెకు మళ్లీ కరెంటు ఇచ్చారు. ఒక నీలం దీపం వెలిగింది. రెండోది ఎర్రబడింది. పెట్టె కీచుమంటూ కూయడం మొదలుపెట్టింది. నాలుగు లెక్కపెట్టేలోపు ఒక కూత, మళ్లీ నాలుగు లెక్కపెడితే ఇంకో కూత.

యర్రమ్మ వంటగదిలోంచి వచ్చి నిలబడింది. "తోడు పోనాదే. ఏడుత్తంది."

డిస్కు ఒకటి లేదని చెప్పడానికే ఆ కూత అని, దాన్ని ఆపే పద్ధతి ఉందని జాయ్స్ చెప్పింది. యర్రమ్మ ఒప్పుకోలేదు. ఏడ్చే పిల్ల నోరు మూయడం తల్లి పని కాదంది. తీగ పీకేస్తే సరి అని చిన్నమ్మి అంటే ఆవిడతో మాట్లాడటం మానేసింది. ఆ వారమంతా పెట్టె కూస్తూనే ఉంది. యర్రమ్మ దాని పక్కనే చాప వేసుకుంది. తిండి తగ్గించింది. గంజి గ్లాసు నోటిదాకా తెచ్చి, కూత వినగానే దించేసేది. లాండ్రీలో పొరపాటున పిట్ట కూసినా స్వర్ణ ఉలిక్కిపడి ఇంటివైపు చూసేది.

శుక్రవారం సోంబరు తన వాటా కోసం సంచీ పట్టుకుని వచ్చాడు. గుమ్మంలోనే కూత విన్నాడు. చాప మీద పడుకున్న తల్లిని చూశాడు. సంచీ కింద పెట్టి ఆమె పక్కన కూర్చున్నాడు. తీసుకుంటావా అని స్వర్ణ అడిగింది. అతను తల అడ్డంగా ఊపాడు. ఆ ఒక్కటీ కూడా తీస్తే ఏమవుతుందని అడిగాడు. అప్పుడు కూయడానికి కూడా ఎవరూ ఉండరంది యర్రమ్మ.

సోంబరు లేచి చెల్లెలి సెల్‌ఫోను అడిగాడు. నంబరు స్వర్ణే నొక్కి ఇచ్చింది. అటు సురేంద్ర పలికాడు. పదమూడేళ్ల తర్వాత తమ్ముడితో ఏమనాలో సోంబరుకి తోచలేదు. ఫోను పెట్టె దగ్గర పెట్టి మూడు కూతలు వినిపించి, మళ్లీ చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఇనపడతందా?"

మళ్లీ సోంబరే అందుకున్నాడు.

"నీ కవలోడిని బేగి తే. అమ్మ తిన్నేదు."

"రేపొత్తానన్నియ్యా," అన్నాడు సురేంద్ర.

మర్నాడు అతను వచ్చాడు. డిస్కుకి చెమ్మ తగలకుండా భార్య దాన్ని ఎండు మిరియాల బస్తాలో పూడ్చి ఉంచిందట. జాయ్స్ దాన్ని పెట్టెలో దోపుతూ ఏడుసార్లు తుమ్మింది. గెస్ట్‌హౌస్‌లో వేలం వేసిన పాత కంప్యూటరు ఒకటి సరిగ్గా ఆ వారమే స్వర్ణ ఇంటికి చేరింది. వేలానికి వచ్చిన మనిషి ఆమె ఒక్కతే. దానికి తీగ తగిలించి చూస్తే, ఒక డిస్కులోంచి రెండో దాంట్లోకి మళ్లీ మొదటి నుంచీ ఎక్కాలని, తొమ్మిది గంటలు పడుతుందని తెర మీద రాసి ఉంది. అంతసేపు వాళ్లిద్దరూ ఏం చేస్తారని యర్రమ్మ అడిగింది. లేనప్పుడు జరిగినవన్నీ ఒకటి రెండోదానికి చెబుతుందంది జాయ్స్, అంతకంటే తేలిగ్గా చెప్పడం చేతకాక.

నూటికి నలభై ఆరు దగ్గర కరెంటు పోయింది. వచ్చాక మళ్లీ సున్నా నుంచి మొదలైంది. ఆదివారం డెబ్భై ఒకటి దాకా వెళ్లి మళ్లీ పోయింది, తెల్లారేదాకా రాలేదు. అన్నదమ్ములు తెర ముందు పీటలేసుకుని కూర్చుని అంకె మారినప్పుడల్లా పైకి చదివేవారు. ఒకరు సరి అంకెలు, ఒకరు బేసి అంకెలు. ఎవరు ఎప్పుడు పంచుకున్నారో స్వర్ణకి తెలియదు.

సోమవారం పొద్దున్నే ఇద్దరూ లైన్‌మన్ ఇంటికి వెళ్లారు. చెట్ల కొమ్మలు తీగలకు తగులుతున్నాయని, అవి కొట్టడానికే రోజూ కరెంటు తీస్తున్నానని అతను చెప్పాడు. ఆ ఒక్క రోజూ తీయొద్దని, మిగిలిన కొమ్మలు తాము కొట్టిపెడతామని అన్నదమ్ములు బతిమాలారు. తీగకు బారెడు దూరంలో ఉన్నవే కొట్టాలని షరతు పెట్టి, అతను నీడలో కూర్చుని బీడీ ముట్టించాడు. రోడ్డు పొడవునా రెండు మైళ్లు, పొద్దున ఏడు నుంచి సాయంత్రం దాకా, ఒకడు చెట్టెక్కి కొడుతుంటే ఇంకొకడు కింద పట్టుకుని లాగాడు. జీపుల్లో వెళ్లేవాళ్లు ఏటి సేత్తన్నారని అడిగితే, ఫోటోలు ఎక్కుతున్నాయని సోంబరు జవాబిచ్చాడు. ఎవరూ రెండో ప్రశ్న వేయలేదు.

అయిదున్నరకు స్వర్ణ ఇంట్లో కూత ఆగిపోయింది. పదిరోజులుగా అలవాటైన చెవులకు ఆ నిశ్శబ్దం పెద్ద చప్పుడులా తగిలింది. యర్రమ్మ లేచి కూర్చుని, రెండు నీలం దీపాల్నీ చూసి, చోడి అంబలి అడిగింది. రెండు గిన్నెలు తాగింది.

ఆ సాయంత్రం మొదటిసారి అందరూ ఫోటోలు చూశారు. సోంబరు పెళ్లి ఫోటోలో అతని తల అతని మెడ మీదే ఉంది. అతను దగ్గరికి వంగి చాలాసేపు చూసుకున్నాడు. పక్కన పెళ్లి పందిరి కర్ర పట్టుకుని, అన్న వంకే చూస్తూ సన్నటి మీసాల సురేంద్ర ఉన్నాడు. "ఈ పందిరి నానే కట్టినాను," అన్నాడు సురేంద్ర. "ఓ పక్కకి ఒరిగిపోనాది," అన్నాడు సోంబరు. అదే తమ పాత తగాదా అని ఇద్దరికీ ఒక్కసారే గుర్తొచ్చి, ఇంతేనా అన్నట్టు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ పందిరి ఫోటోలోనూ కాస్త ఒరిగే ఉంది.

పెట్టె స్వర్ణ ఇంట్లోనే ఉండిపోయింది. ఆ తర్వాత ఊళ్లోవాళ్లు ఒక్కొక్కరే తమ ఫోటోలు తేవడం మొదలైంది. ఇది కుటుంబం ఫోటోల కోసం కదా అని జాయ్స్ సందేహించింది. నల్లకళ్లద్దాల అల్లుడు లోపలున్నాక ఇంకెవరు బయటివాళ్లని యర్రమ్మ అడిగింది. జాయ్స్ వెళ్లి స్వర్ణకి గెస్ట్‌హౌస్ స్కానర్ వాడటం నేర్పింది. పని అయ్యాక స్వర్ణ ముందు గదిలోని ఆ యంత్రంలో ఫోటోలు పెట్టి, వచ్చిన బొమ్మల్ని పెన్‌డ్రైవ్‌లో ఇంటికి తెచ్చి ఎక్కించేది. ఏడాది తిరిగేసరికి నలభై ఇళ్లవాళ్లు ఆ పెట్టెలో చేరారు. కొందరు ఎడ్ల ఫోటోలు కూడా తెచ్చారు. ఆమె ఎవరినీ కాదనలేదు. దుప్పట్లు సర్దినట్టే ఇంటింటికీ ఒక అర చేసి, పేరు రాసి, ఏది ఎక్కడుందో చూడకుండా చెప్పేది.

2010 సెప్టెంబరులో ఒక శుక్రవారం భీముడు వచ్చాడు. భార్య పైడితల్లి పోయి నెల దాటింది. జేబులోంచి ఓటరు కార్డు తీసి స్వర్ణ చేతిలో పెట్టాడు. పేరు పైడితల్లిదే. ఫోటోలో మాత్రం ఎవరో వేరే మనిషి. బొద్దుగా, నుదుటి మీద పెద్ద బొట్టుతో, ఎక్కడో మైదానం ఊరి ఆవిడలా ఉంది.

"పెద్దయ్యా, ఇది మీ ఇంటావిడ కాదు గదా," అంది స్వర్ణ.

"కాదు. దానికి ఇంకో బొమ్మ లేదు. పదేళ్లు ఈ మొకంతోనే ఓటేసింది. అడిగినోడు లేడు."

స్వర్ణ కార్డు తీసుకుంది. మర్నాడు పని అయ్యాక దాన్ని యంత్రంలో పెట్టి, ఇంటికి తెచ్చి ఎక్కించి, కొత్త అర ఒకటి చేసి దానికి పైడితల్లి అని పేరు రాసింది. మరుసటి సంతకు భీముడు రాగానే తెర మీద పెద్దగా తెరిచి చూపించింది. ఆయన పీట మీద కూర్చుని, ఆ బొద్దు మొహాన్ని, ఆ పెద్ద బొట్టును చాలాసేపు చూశాడు.

"మొదట్లో దీన్ని సూపెట్టి ఏడిపించీవోడిని," అన్నాడు. "అది కూడా నవ్వీది. ఈవిడెవరో గానీ, బాగుండాలి."

కార్డు తిరిగి తీసుకుని జేబులో పెట్టుకుని, చింతపండు కొనాలని సంతలోకి వెళ్లాడు.